వేలితో మూస్తే తేలే లెక్క కాదు

కాలం, దూరం, వేగం లెక్కలకు మన దగ్గర ఒక మంత్రం తయారైంది. త్రిభుజం గీసి పైన దూరం, కింద వేగం, కాలం రాయాలి. కావలసినదాన్ని వేలితో మూసేస్తే మిగిలిందే సూత్రం. స్కూలు గైడ్ల నుంచి గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్ దాకా ఇదే బొమ్మ. దాని వెనకే షార్ట్‌కట్ల దండు. సగటు వేగానికొకటి, ఆలస్యానికొకటి, రైలు స్తంభాన్ని దాటితే ఒకటి, ప్లాట్‌ఫాం దాటితే ఇంకొకటి. "సమీకరణం రాస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది, సూత్రం పట్టు, అంకెలు వెయ్యి" అన్న సలహా కాస్తా ఇప్పుడు బోధనా పద్ధతి అయి కూర్చుంది. ఉద్యోగం కోసం పోటీపడే పాతికేళ్లవాడికి ఆ మాట చెబితే సరిపెట్టుకోవచ్చు. బీజగణితంలో ఇప్పుడిప్పుడే అడుగు పెడుతున్న పిల్లలకు చెప్పడం మాత్రం అన్యాయం.

ఒక లెక్క చూడండి. ఒక కుర్రాడు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే బడికి 5 నిమిషాలు ఆలస్యమవుతాడు. 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 10 నిమిషాలు ముందే చేరతాడు. బడి ఎంత దూరం? షార్ట్‌కట్ ఇలా నడుస్తుంది: వేగాల లబ్ధాన్ని వాటి తేడాతో భాగించు, నిమిషాలు కలిపి గంటల్లోకి మార్చి గుణించు. 20 × 15/60, అంటే 5 కిలోమీటర్లు. జవాబు సరైనదే.

ఇప్పుడు మాటలు కాస్త మారుద్దాం. 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 15 నిమిషాలు ఆలస్యం, 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 3 నిమిషాలు ఆలస్యం. కలపడం అలవాటైన చెయ్యి 15కి 3 కలిపి 18 చేస్తుంది, 6 కిలోమీటర్లని జవాబు రాస్తుంది. తప్పు. 6 కిలోమీటర్లు నడవడానికి ఒక వేగంతో 90 నిమిషాలు, మరో వేగంతో 72 నిమిషాలు పడుతుంది. తేడా 18. లెక్కలో ఉన్న తేడా 12. దీనికి కోచింగ్ వైద్యం ఏమిటంటే, "రెండూ ఆలస్యమైతే తీసెయ్, ఒకటి ముందైతే కలుపు" అని మరో సూత్రం!

నిజానికి ఇక్కడ పట్టుకోవాల్సింది ఒక్కటే. కుర్రాడు ఎలా నడిచినా బడిగంట కొట్టే వేళ మారదు. దూరాన్ని 'ద' అనుకుందాం. ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా ఉన్న వ్యవధి ద/4 − 15/60. అదే వ్యవధి ద/5 − 3/60 కూడా. రెండూ సమానం కాబట్టి ద/20 = 12/60, ద = 4. ముందే చేరాడంటే ఆ నిమిషాలు వాటంతటవే కూడికలోకి వస్తాయి. కలపాలా తీయాలా అన్నది బట్టీ పట్టే పనే లేదు. త్రిభుజం ఒక ప్రయాణం గురించే చెబుతుంది. బీజగణితంలోని లెక్కల్లో ప్రయాణాలు దాదాపు ఎప్పుడూ రెండు. ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ఏ వేలూ చూపించదు.

సగటు వేగం సంగతీ అంతే. వెళ్లేటప్పుడు 60, అదే దారిలో వచ్చేటప్పుడు 40 అయితే సగటు 48. ఇది బట్టీ పట్టిన పిల్లవాణ్ణి, మొదటి గంట 60, రెండో గంట 40 వేగంతో పోతే సగటెంత అని అడగండి. అప్పుడూ 48 అంటాడు. రెండు గంటల్లో పోయింది 100 కిలోమీటర్లు, సగటు 50 అని వేళ్ల మీద తేలే లెక్క అది. ఇక రైళ్లకు ఇన్ని 'మోడల్స్' ఎందుకో నాకు అర్థం కాదు. స్తంభమంటే పొడవు సున్నా అయిన ప్లాట్‌ఫాం, అంతే కదా.

మన ప్రాచీనులూ సూత్రాలే ఇచ్చారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. ఎదురెదురుగా వచ్చేవాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో, ఒకే దిశలో పోయేవాటి మధ్య దూరాన్ని వేగాల తేడాతో భాగించాలని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. అయితే ఆ శ్లోకాన్ని ఎవరూ ఒంటరిగా వదిలెయ్యలేదు. 629లో మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి భాష్యం రాసి, ఉదాహరణలతో విప్పి చెప్పాడు. మనం శ్లోకాన్ని ఉంచుకుని భాష్యాన్ని పారేశాం.

టైమ్ చాలదన్న వాదనకు బలముంది, కాదనను. కానీ పదో తరగతి బోర్డు పరీక్షలో సోపానాలకూ మార్కులుంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పాత పుస్తకంలోని వర్గ సమీకరణాల పాఠంలో ఒక రైలు ఉండేది. 360 కిలోమీటర్లు ఒకే వేగంతో పోతుంది (అలాంటి రైలు ఎక్కడుందో చెబితే టికెట్ కొనుక్కుంటాను). వేగం గంటకు 5 కిలోమీటర్లు పెరిగితే గంట ముందే చేరుతుంది. 360/వ − 360/(వ + 5) = 1 అని రాస్తే రెండు జవాబులొస్తాయి: 40, −45. సమీకరణం తనే రాసుకున్న పిల్లకు 'వ' అంటే రైలు వేగమని తెలుసు. కాబట్టి −45ను ఎందుకు కొట్టేసిందో ఒక వాక్యంలో చెప్పగలదు. గైడు చూసి దింపిన పిల్లను అడిగితే, "మైనస్ వస్తే తీసేయాలి సార్" అంటుంది.