పేర్లు పలు, ఇంజను ఒకటే

ఢిల్లీలోని సరోజినీ నగర్ ఒకప్పుడు వినయ్ నగర్. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు పేరు దానికి తరువాత వచ్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసాల కొరకు ఏర్పడిన ఈ కాలనీ, ఉద్యోగరీత్యా రాజధాని చేరిన తెలుగు కుటుంబాలకు పరిచితమైనదే. అయితే దేశమంతటికీ ఈ పేరు తెలిసినది అక్కడి బట్టల బజారు వలన. ఎగుమతి కాగా మిగిలిన దుస్తులు, ఏదో చిన్న లోపంతో తిరస్కరింపబడిన దుస్తులు ఆ అంగళ్లకు చేరుతాయి. చాలా వాటికి మెడ వద్ద ఉండవలసిన పేరుచీటీ కత్తిరించి ఉంటుంది. కనుక అనుభవం గలవారు పేరు అడగరు. వస్త్రాన్ని తిరగవేసి లోపలి కుట్టు చూస్తారు.

చేతిలోని స్మార్ట్‌ఫోను విషయంలో మాత్రం మనలో చాలామంది పేరు చూచి తృప్తి పడతారు. ఆండ్రాయిడ్ మేలా, ఐఫోను మేలా అన్న వాదం కార్యాలయాలలోను, రైలు పెట్టెలలోను నిత్యం వినిపించేదే. క్రోమ్ వేగమైనదని ఒకరు, సఫారీ భద్రమైనదని మరొకరు, ఫైర్‌ఫాక్స్ స్వతంత్రమైనదని ఇంకొకరు చెబుతారు. ఈ వాదం తేలవలెనంటే ఇక్కడ కూడ ముందు కుట్టు చూడవలసి ఉన్నది.

లోపలి కుట్టు

వెబ్ పుట ఫోనుకు బొమ్మ రూపంలో రాదు. ఆదేశాల రూపంలో వస్తుంది. ఆ ఆదేశాలను చదివి, ఏ అక్షరం ఎక్కడ నిలవాలి, ఏ చిత్రం ఎంత ఉండాలి అన్నది నిర్ణయించి తెరపై చూపే భాగానికి బ్రౌజర్ ఇంజను అని పేరు. బ్రౌజర్లు డజన్ల కొద్దీ ఉన్నప్పటికీ, విస్తృతంగా వాడుకలో ఉన్న ఇంజన్లు మూడే: గూగుల్ ముఖ్య పోషకురాలుగా ఉన్న బ్లింక్, ఆపిల్ వారి వెబ్‌కిట్, మొజిల్లా వారి గెకో. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అనేవన్నీ బ్లింక్ మీదనే నడుస్తాయి. మొదటి రెండు ఇంజన్లూ దాయాదులే. కేహెచ్‌టీఎంఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుండి ఆపిల్ వెబ్‌కిట్‌ను మలచుకొని 2003 జనవరిలో సఫారీని ప్రకటించినది. 2013 ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుండి విడిపోయి బ్లింక్ పేరిట వేరు కాపురం పెట్టినది.

ఐఫోనులో పరిస్థితి మరింత విచిత్రమైనది. ఆపిల్ నిబంధన ప్రకారం అందులో ఏ బ్రౌజరైనా వెబ్‌కిట్‌నే వాడవలెను. అక్కడి క్రోమ్‌లో బ్లింక్ లేదు; అక్కడి ఫైర్‌ఫాక్స్‌లో గెకో లేదు. బయటి చొక్కా మాత్రమే వేరు. ఆండ్రాయిడ్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను అడ్డగించే యూబ్లాక్ ఆరిజిన్ వంటి అనుబంధాలను చేర్చుకొనవచ్చును. అదే పేరు గల ఐఫోను బ్రౌజరులో ఆ వీలు లేదు. 2024 మార్చిలో ఐఓఎస్ 17.4 తో ఇతర ఇంజన్లకు ఆపిల్ ద్వారం తెరచినప్పుడు, అది ఐరోపా సమాఖ్య చట్టానికి తలవంచి చేసిన పని. ఆ సడలింపు భారతదేశానికి వర్తించలేదు.

ఒక అక్షరం చేసిన పరీక్ష

ఈ భేదం నిపుణులకు మాత్రమే సంబంధించినదని అనుకొనుట పొరపాటు. తెలుగు చదువరికి ఇది స్వానుభవమే. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు పుట తెరిస్తే అక్షరాలకు మారుగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. అప్పుడు ఒపేరా మినీ ఆదుకొన్నది. అది పుటను ముందుగా తమ సర్వరులో కుదించి ఫోనుకు పంపేది. అందులోని ఒక మారుమూల అమరికను మార్చితే క్లిష్ట లిపులను అక్షరాలుగా గాక చిన్న చిన్న బొమ్మలుగా పంపేది. ఫోనుకు తెలుగు రాకపోయినా పాఠకునికి తెలుగు అందినది. ఆ అమరికను ఒకరికొకరు చెప్పుకొని ఎందరో తెలుగువారు తమ ఫోనులలో మాతృభాషను చదువుకొన్నారు.

అంతకు మించిన పరీక్ష 2018 ఫిబ్రవరిలో వచ్చినది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోనుకు చేరితే, దానిని తెరపై చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆ కూర్పులో జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనిపించని ఒక విభాజక సంకేతము, దీర్ఘము వరుసగా ఉండేవి. ఆపిల్ సొంత మెసేజెస్ మాత్రమే గాక వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ కూడ దీనికి లొంగిపోయినవి. ప్రకటన పట్టీలో ఆ అక్షరం కనిపిస్తే ఫోను ముఖ్య తెర సైతం పదే పదే మొరాయించేది. దేవనాగరి, బంగ్లా లిపులలోని కొన్ని కూర్పులకు కూడ ఇదే గుణమున్నట్లు పరిశీలనలో తేలినది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ లోపాన్ని సరిదిద్దినది.

జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే ఈ పాఠం నేర్పుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, పాఠం మాత్రం స్పష్టమైనది. ఒకదానితో ఒకటి పోటీపడే సంస్థల యాప్‌లు ఐఫోనులో ఒకే విధంగా కూలిపోయినవి. అవే యాప్‌లు ఆండ్రాయిడ్‌లో నిశ్చింతగా పనిచేసినవి. కారణం, అక్షరాలను కూర్చి చూపే పనిని ఐఫోనులో యాప్‌లన్నీ ఆపిల్ వారి ఒకే వ్యవస్థకు అప్పగిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే వేరొక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎంపిక పదింటి మధ్య జరిగినట్లు కనిపించినా, నిజానికి జరిగినది రెండింటి మధ్యనే.

యాప్ కావాలా, బ్రౌజర్ చాలునా?

వ్యాపారులు తమ యాప్ దించుకొమ్మని ఒత్తిడి చేస్తారు. బెంగళూరు సంస్థ మింత్రా 2015 మే నెలలో తన వెబ్‌సైటును మూసివేసి కేవలం యాప్ ద్వారానే అమ్మకాలు సాగించినది. ప్రయోగం నిలువలేదు, 2016 జూన్‌లో కంప్యూటర్ వెబ్‌సైటును తిరిగి తెరచినది. అదే కాలంలో, 2015 నవంబరులో, ఫ్లిప్‌కార్ట్ బ్రౌజరులోనే యాప్ వలె పనిచేసే ‘లైట్’ సైటును ప్రవేశపెట్టినది.

ఇట్టి సైట్లకు రెండు వేదికల మీద ఒకే ఆదరణ లభించలేదు. సైటు నుండి నేరుగా ప్రకటనలు పంపే సౌకర్యం ఆండ్రాయిడ్ క్రోమ్‌కు 2015లోనే వచ్చినది. ఐఫోనుకు 2023 మార్చిలో, ఐఓఎస్ 16.4 తో గాని రాలేదు. మధ్యలో గడచిన ఎనిమిదేండ్లలో ఐఫోను వాడుకరులను చేరదలచిన సంస్థకు యాప్ తప్ప గత్యంతరం లేకపోయినది. యాప్ దుకాణంలో డిజిటల్ సరకు అమ్మితే సాధారణంగా నూటికి 30 వంతు, చిన్న సంస్థలైతే 15 వంతు, దుకాణదారునికి చెల్లించవలసి వచ్చేది. బ్రౌజరులో నేరుగా అమ్మితే ఆ వాటా లేదు. ఒకే చందాకు యాప్‌లో ఒక ధర, బ్రౌజరులో తక్కువ ధర కనిపించుటలోని మర్మమిదే.

పొరుగింటి తీర్పు

ఈ వివాదంపై భారతదేశంలో వెలువడిన ముఖ్యమైన నిర్ణయం సరోజినీ నగర్‌కు పొరుగునే, తూర్పు కిద్వాయ్ నగర్‌లో కార్యాలయం గల కాంపిటీషన్ కమిషన్ నుండి వచ్చినది. 2022 అక్టోబరు 20న కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ప్లే స్టోరు కావలెనంటే ఫోను తయారీదారులు క్రోమ్‌తో సహా గూగుల్ యాప్‌ల గుత్తినంతటినీ ముందుగానే అమర్చవలెనన్న షరతును తప్పుపట్టినది. ఆపిల్ ఆదాయం ప్రధానంగా ఫోను అమ్మకం నుండి, గూగుల్ ఆదాయం ప్రధానంగా శోధన నుండి వస్తున్నందున రెండు వ్యాపారాల స్వభావమూ వేరని కమిషన్ గుర్తించినది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చుటకు నిరాకరించినది. మార్చి 29న అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఖాయపరచి, పది ఆదేశాలలో నాలుగింటిని కొట్టివేసినది. ముందే అమర్చిన యాప్‌లను తొలగించుకొనే స్వేచ్ఛకు సంబంధించిన ఆదేశం కొట్టివేసిన వాటిలో ఒకటి.

ఆ ప్రత్యర్థులు ఇరువురి మధ్య స్నేహం లేకపోలేదు. సఫారీలో తన శోధననే ముందుంచినందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కు సుమారు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానం ముందు వెల్లడైనది.

స్వదేశీ బ్రౌజరు నిర్మాణానికి భారత ప్రభుత్వం 2023 ఆగస్టులో పోటీ ప్రకటించినది. 2025 మార్చిలో కోటి రూపాయల ప్రథమ బహుమతి జోహో సంస్థకు దక్కినది. అభినందింపదగిన కృషియే, అయినను జోహో వారి ‘ఉలా’ బ్రౌజరుకు పునాది కూడ గూగుల్ నాయకత్వాన నడిచే క్రోమియమే.

వాడుకరి చేయగలిగినవి

ఇన్ని బంధాల నడుమ వాడుకరికి మిగిలిన స్వేచ్ఛ చిన్నదే గాని, వాడుకొంటే ఉపయోగమైనది. ఆండ్రాయిడ్ వాడేవారు ఒక బ్లింక్ బ్రౌజరుతోపాటు ఫైర్‌ఫాక్స్‌ను కూడ ఉంచుకొనుట మేలు. ఒకదానిలో తెలుగు పుట సరిగా రాకపోతే రెండవది నిజంగా రెండవ అభిప్రాయం అవుతుంది. ఐఫోనులో 2020 నుండి ముఖ్య బ్రౌజరును మార్చుకొనవచ్చును గాని, ఇంజను మారినదని భ్రమపడరాదు. ఏడాదికొకసారి అవసరమయ్యే సేవకు యాప్ దించుకొనుట కంటె బ్రౌజరులో పని ముగించుకొనుట ఉత్తమం. పరిచయస్తుల జాబితాకు, ఫోటోలకు అనుమతి అడిగే అతిథులు ఆ మేరకు తగ్గుతారు. చందా కట్టే ముందు రెండు చోట్లా ధర చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. ఒక వేదిక నుండి మరొక వేదికకు మారునప్పుడు వెల పెట్టి కొన్న యాప్‌లు సాధారణంగా వెంట రావు. వాట్సాప్ సంభాషణలను ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు తరలించే అధికారిక మార్గం సైతం 2022లో గాని ఏర్పడలేదు. కావున కొత్త ఫోను కొనే ముందు దాని వెలతోపాటు, పాత ఫోనులోని సంకేతపదాలు, ఫోటోలు, సంభాషణలు ఏ దారిన బయటికి వస్తాయో కూడ తెలుసుకొనుట వివేకం.