పది కోళ్ళకు వంద డోసుల సీసా

నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ మా చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో రెండు దిగుళ్ళు మొదలవుతాయి. చెరుకు నరికేదెప్పుడు, డబ్బు చేతికొచ్చేదెప్పుడు అన్నది మగవాళ్ళ దిగులు. "పెట్టకి కన్ను వాచిపోనాదర్రా" అన్నది ఆడవాళ్ళ దిగులు. మొదటిదానికి సభలుంటాయి, ధర్నాలుంటాయి, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో ఉంటుంది. రెండోదానికి మందుల షాపు కుర్రాడుంటాడు.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. కౌంటరు దగ్గరకొచ్చిన పిన్ని కోడిని తేలేదు, కోడి కబురు తెచ్చింది, అదీ సగమే. వాడి దగ్గరున్నది ఎర్ర పసుపు గొట్టం మాత్ర. "విప్పి నీళ్ళలో కలిపి పట్టించు పిన్నీ" అని ఇచ్చేస్తాడు. కోడి బతికితే మాత్ర మంచిది, చస్తే కోడికి ఆయువు లేదు. ఈ లెక్కలో మాత్ర ఎప్పుడూ ఓడిపోదు.

అసలు కన్ను వాపు అనే జబ్బేదీ లేదు. అరడజను వేర్వేరు జబ్బులు కోడి కంటి దగ్గర బయటపడతాయి. వాటిలో చాలావాటికి ఆ గొట్టం పనిచెయ్యదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు కోడిని చూడాలి. పగలు దాని వెంటపడి, అది గాభరాపడి, మనం ఆయాసపడితే ఏమీ కనిపించదు. పొద్దుగూకి గూట్లో చేరాక మెల్లగా పట్టుకుని, చంకలో ఇరికించుకుని, టార్చి వేసి చూడాలి. అయిదు నిమిషాల పని.

వాపు ఒక్క కోడికే, ఒక్క కంటికే ఉండి, తక్కిన ఒళ్ళంతా బాగుంటే అది దెబ్బ అనుకోవచ్చు. పుంజుల పోట్లాట, కంపలో ముల్లు, కళ్ళంలో ఊక నలుసు. కంచికి చేరని కథేమీ కాదు, కడిగి ఊరుకుంటే మానిపోతుంది.

నాలుగైదు రోజుల్లో గూడంతా అంటుకుందంటే మాత్రం వేరే సంగతి. మొదట తుమ్ములు, ముక్కు నీరు. తర్వాత ముఖం ఒక పక్కో రెండు పక్కలో బూరెలా పొంగి కన్ను మూసుకుపోతుంది. ముక్కు దగ్గర వాసన చూడండి, కుళ్ళు కంపు కొడుతుంది. దీన్ని కొరైజా అంటారు, బాక్టీరియా వల్ల వస్తుంది. జబ్బు కోడి పక్కన మసలిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే రెండో కోడికి పట్టుకుంటుంది. దానికి దారి ఎక్కువగా మనం పెట్టే నీళ్ళ చట్టే. అన్నీ అందులోనే ముక్కు ముంచుతాయి.

ఇది సంక్రాంతి ముందరే ఎందుకు ఎక్కువంటే, ఒక కారణం చలి, రెండో కారణం సంత. పండక్కి పుంజులు చేతులు మారే నెల ఇది. మాడుగుల దాటి ఏజెన్సీ నుంచి దిగినవీ, గోదావరి వైపు నుంచి వచ్చినవీ ఒకే గంపలో కలుస్తాయి. కొరైజా వచ్చి తగ్గిన కోడి చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది గానీ క్రిమిని మోస్తూనే ఉంటుంది. వెయ్యి రూపాయలు బేరమాడి తగ్గించి తెచ్చిన పుంజు ఇంట్లో పది పెట్టల్ని పడుకోబెడుతుంది. కొత్త కోడిని తెచ్చిన రోజే గుంపులో వదలకుండా రెండు మూడు వారాలు పెరటికి ఆ చివర, వేరే చట్టీతో ఉంచితే సగం జబ్బులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. కొరైజాకి యాంటీబయాటిక్ పనిచేస్తుంది, నిజమే. కానీ ఎంత, ఎన్నాళ్ళు అన్నది కోడి బరువు చూసి పశువుల డాక్టరు చెప్పాలి. ఒక గొట్టం బిందెడు నీళ్ళలో కలిపితే కోడికి అందేది రంగు మాత్రమే.

రెప్పల మీద, తురాయి మీద, గడ్డం కింది తమ్మెల మీద పులిపిర్లలాంటి పొక్కులు లేచి, నల్లగా పెచ్చు కట్టి, ఆ పెచ్చులే కంటిని మూసేస్తే అది అమ్మోరు. డాక్టర్లు కోడి మశూచి అంటారు. వైరస్ జబ్బు. దోమలు ఒక కోడి నుంచి ఇంకో కోడికి మోసుకెళతాయి. చెరుకు మడుల మధ్య నీళ్ళు నిలిచే మా ఊళ్ళలో దోమలకి కొదవా? దీనికి మందు లేదు. పొక్కులు వాటంతట అవే మూడు నాలుగు వారాల్లో ఎండి రాలతాయి. గోటితో గిల్లి పీకకూడదు. పుండు పడుతుంది, రాలిన పెచ్చులో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది. నోరు తెరిచి చూడండి. లోపల పసుప్పచ్చ పొర కట్టి ఊపిరి అందకపోతే అది ప్రమాదం, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. పసుపూ వేపాకూ నూరి పూసి, తల్లి పేరు చెప్పి కోడిని విడిగా గంపకింద పెట్టే ఇల్లు, గొట్టం మాత్ర వేసి మళ్ళీ గుంపులోకి తోలే ఇంటికన్నా మెరుగని నా అభిప్రాయం. మొక్కు సంగతి ఎలా ఉన్నా, విడిగా పెట్టడం అసలైన వైద్యం.

కంటి మూల సబ్బు నురగలాంటి బుడగలు, రాత్రి గూట్లో గురగుర చప్పుడు ఉంటే మైకోప్లాస్మా అనే క్రిమిని అనుమానించాలి. మందు వేస్తే నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా వదలదు. పైగా గుడ్డులోంచి పిల్లకి వెళ్తుంది. ఆ పెట్ట గుడ్లు పొదిగించకండి, మందు వాడని రోజుల్లోవైతే ఉడకబెట్టుకు తినండి.

ఇక తిండి వల్ల వచ్చే కన్ను. రెండు కళ్ళూ వారాల మీద మెల్లగా వాస్తాయి, రెప్పల కింద తెల్లగా విరిగిన పాలముక్కలాంటిది పేరుకుంటుంది, కంపు ఉండదు. విటమిన్ ఎ లోపం ఇది. పెరట్లో తిరిగి పచ్చిక కొరికే కోడికి సాధారణంగా రాదు. కాలికి తాడు కట్టేసిన పందెం పుంజుకీ, గంపకింద నూకలు మాత్రమే తినే పిల్లలకీ వస్తుంది. తెల్ల నూకల్లో ఆ విటమిన్ లేనే లేదు. 1890ల్లో జావాలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు, పాలిష్ బియ్యం మేపిన కోళ్ళకి కాళ్ళు పడిపోవడం గమనించాడు. అది వేరే విటమిన్ లోపం. కానీ విటమిన్ల కథ మొదలైంది అక్కడే, ఆయనకి 1929లో నోబెల్ ఇచ్చారు. బియ్యం ఒక్కటే చాలదని ప్రపంచానికి చెప్పింది కోడి, మనం మాత్రం దాని ముందు ఇంకా నూకలే పోస్తున్నాం. మునగాకు, తోటకూర సన్నగా తరిగి రోజూ వెయ్యండి. ముదిరితే డాక్టరు విటమిన్ చుక్కలు ఇస్తారు.

పొద్దున్న గూట్లోంచి వచ్చినప్పుడు అన్నిటికీ కళ్ళు నీళ్ళు కారి, మధ్యాహ్నానికి తేరుకుంటే తప్పు గూటిదే. ఒకసారి మీరే తల లోపల పెట్టి చూడండి, పెంట ఘాటుకి మీ కన్నూ మండుతుంది. అడుగు ఊడ్చి, పొడి ఊక పరిచి, గాలి ఆడనిస్తే చాలు. రెప్ప కింద సన్నటి తెల్ల పురుగులు కదిలితే అది బొద్దింకల ద్వారా వచ్చే కంటి పురుగు, డాక్టరు తీస్తారు.

భయపడాల్సినవి రెండున్నాయి. ఆకుపచ్చ విరేచనం, మెడ మెలితిరగడం, ఊపిరికి నోరు తెరవడం, వాటితో పాటు కళ్ళ వాపు ఉంటే అది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరా, జావాలోనూ బయటపడ్డ ఈ జబ్బుని మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరుతో పిలుస్తారు. గుంపుకి గుంపునీ ఊడ్చేస్తుంది. మనిషి కంట్లో పడితే కన్ను ఎర్రబడి కలక వస్తుంది కూడా. 1943లో ఆస్ట్రేలియాలో బర్నెట్ అనే శాస్త్రవేత్త ఆ సంగతి రాశాడు. కోడి కన్ను తుడిచిన చెయ్యి సబ్బుతో కడగకుండా మన కన్ను నలుపుకోకూడదు.

రెండోది బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ అదేనని భోపాల్ లేబొరేటరీ తేల్చింది. ఆ మార్చిలోనే నరసరావుపేటకి చెందిన రెండేళ్ళ పాప ఆ వైరస్‌తో చనిపోయింది. ముఖం ఉబ్బి, తురాయి నీలంగా మారి, ఒకటి రెండు రోజుల్లో నాలుగైదు కోళ్ళు టపటపా రాలితే కోసి వండకండి, కాలవలో పారేయకండి. ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

జబ్బు ఏదైనా, కన్ను మూసుకుపోయిన కోడిని చంపేది చాలాసార్లు ఆకలి. గింజ కనబడదు, చట్టీ కనబడదు, తోటి కోళ్ళు పొడిచి తరుముతాయి. అందుకని నీడలో గంపకింద విడిగా ఉంచి, ముక్కుని నీళ్ళలో తాకించి తాగించాలి, గంజిలో కలిపిన మెత్తటి ముద్దలు చేత్తో తినిపించాలి. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వేసి, శుభ్రమైన గుడ్డతో పూటకోసారి కళ్ళు తుడవాలి. ఒక కంటికి వాడిన గుడ్డ ఇంకో కంటికి వద్దు. లోపల గట్టిపడిన గడ్డని నొక్కి తీయకండి. మేత ముందు బాగున్న కోళ్ళకి వేసి, జబ్బు కోడి దగ్గరకి చివర్న వెళ్ళాలి.

మన కళ్ళకి రాసుకోగా మిగిలిన ట్యూబు కోడికి పూయడం ఇంకో అలవాటు. అందులో క్లోరాంఫెనికాల్ ఉంటే, ఆహారానికి పెంచే జంతువులకి వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన చుక్కలైతే ఎరుపు తగ్గినట్టే కనిపించి, లోపలి పుండు ముదురుతుంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వాడినా, ఆ రోజుల్లో గుడ్లు ఇంట్లో ఎవరికీ పెట్టొద్దు. ఎన్నాళ్ళు మానాలో ఆయన్నే అడగండి.

ఇంత చెప్పాక మీరు అడిగేది నాకు తెలుసు. "ఆ డాక్టరేడీ?" 2022 నుంచి నియోజకవర్గాల్లో సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి, 1962 నంబరుకి ఫోన్ చేయొచ్చు. కానీ ఆవుకో గేదెకో చేసినంత ధైర్యంగా కోడికి చెయ్యం. నవ్వుతారేమోనని మొహమాటం. కోడిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే రానూపోనూ చార్జీ కోడి ఖరీదులో ఎంతో కొంత మింగేస్తుంది. అందుకే కోడి వైద్యం ఆసుపత్రిలో కుదరదు, వీధిలోనే జరగాలి. నా ఫిర్యాదంతా ఇక్కడుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు, 2012 లెక్కకన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. అదే కాలంలో ఫారం కోళ్ళు పెరిగింది 4.5 శాతమే. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలు తయారుచేసింది. అంటే కోడిపిల్ల ఊరిదాకా వచ్చింది. టీకా రాలేదు. కొక్కెరకి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర సూది. అమ్మోరుకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క పొరలో ఒక పోటు. వారం పది రోజులకి పోటు దగ్గర చిన్న పెచ్చు కడితే టీకా పట్టినట్టు. వైద్యంలో ఇంతకన్నా చవకైనది లేదు. అయితే సీసాలో వంద డోసులకి తక్కువ దొరకడం కష్టం, కలిపాక మంచులో ఉంచి రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్ళున్న పిన్ని తొంభై డోసులు ఎవరికి పోస్తుంది?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్ప్రాడ్‌బ్రో, పల్లె కోళ్ళకోసమే వేడికి తొందరగా పాడవని కొక్కెర టీకాని తయారుచేశాడు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో శిక్షణ పొందిన ఊరివాళ్ళే ఇల్లిల్లూ తిరిగి ఆ చుక్కలు కోళ్ళ కళ్ళలో వేస్తున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. మా మండలంలో వాళ్ళకి లేనివి కూడా ఉన్నాయి. ప్రతి ఊళ్ళో డ్వాక్రా సంఘాలున్నాయి, పుస్తకాలు రాసే ఆడపిల్లలున్నారు, రైతు సేవా కేంద్రాల పరిధిలో పశుసంవర్ధక సహాయకులున్నారు. లేనిదల్లా అందరూ కలిసే తారీకు.

పశుసంవర్ధక శాఖకి నా విన్నపం ఒక్కటే: ఆవులకి గాలికుంటు టీకా కార్యక్రమం పెట్టినట్టే, మూడు నాలుగు నెలలకోసారి ఊరికో కోళ్ళ టీకా రాత్రి ప్రకటించండి. పగలు వద్దు, కోడి దొరకదు. డ్వాక్రా అక్కచెల్లెళ్ళకి కూడా ఒక మాట. వచ్చే సంఘం సమావేశంలో ఎవరింట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఎన్ని వారాల పిల్లలు ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. వంద దాటగానే ఆ కాగితం తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళి, తారీకు వేయించుకునే తిరిగి రండి.