కోత కూలితో పాటే తేలాల్సిన మాట

"పాలిచ్చినంత కాలం కడుపు నిలవదులే అమ్మా!" ఏఎన్‌ఎంగా ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్లు తిరిగినన్నాళ్లూ వింటూనే ఉన్నాను. ఆ మాట అబద్ధమేం కాదు. కాకపోతే మూడు షరతులున్నాయి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి మళ్లీ ముట్టు రాకూడదు, రేయింబవళ్లు తల్లిపాలే పట్టాలి. మూడూ కుదిరితే 98 శాతం భరోసా. ఒక్కటి తప్పినా భరోసా లేదు.

ఎందుకంటే గర్భం రాకుండా ఆపేది బిడ్డ చీకడం. రొమ్ము పట్టినప్పుడల్లా తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అండాశయాన్ని పనిచేయించే హార్మోన్లు తగ్గుతాయి. గంటల తరబడి బిడ్డ దూరమైతే అండం మళ్లీ విడుదల కావచ్చు. అదీ ముట్టు కనపడక ముందే. అలా ముట్టు చూడకుండానే నెల తప్పినవాళ్లు ఉన్నారు.

ఇక మన మిరప కోతల సంగతి చూడండి. సంక్రాంతి దాటాక పొద్దున్నే ఆటో ఎక్కిన బాలింత పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. చేలో రొమ్ములు సలిపినా పాలు పిండుకోలేదు, వేళ్లనిండా మిరప ఘాటు. ఇంటికొచ్చినా వెంటనే బిడ్డను ఎత్తుకోలేదు. చేతులకు నూనె రాసి, సబ్బుతో రుద్ది కడగాలి. ఈలోపు అత్తగారు గేదెపాలు పట్టేసి ఉంటుంది, దాంతో మూడో షరతు తప్పినట్టే. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన తల్లులు నయం, గట్టు మీద చీర ఉయ్యాల కట్టి బిడ్డను దగ్గరే ఉంచుకుంటారు. ఆ బిడ్డకు మాత్రం ఎండా, కాయ ఘాటూ తప్పవు.

"ఇద్దర్నీ వెంటవెంటనే కని ఆపరేషన్ చేయించుకుంటే పీడా పోతుంది" అంటారు. కూలికి పోవాల్సిన మనిషి లెక్క అది, తప్పుపట్టను. కానీ కాన్పయ్యాక మళ్లీ గర్భానికి కనీసం 24 నెలలు ఆగమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత. పోయిన రక్తం పట్టకముందే మరో కాన్పంటే ఒళ్లు ఏం తట్టుకుంటుంది?

కాన్పయిన 48 గంటల్లోపు కాపర్ టీ వేయించుకోవచ్చు, ఆరు వారాలు దాటాక అంతర ఇంజెక్షన్ ఉంది. వీటి గురించి ఆశా కార్యకర్త కోతలకు ముందే చెప్పాలి. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోవడానికి కూలీల్లోనే ఒకరిని పెట్టమని ఉపాధి హామీ చట్టం 2005లోనే రాసింది. మిరప చేలకు ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? పూటకోసారి పాలివ్వడానికి విరామమిస్తే రైతుకు తగ్గే కాయలు ఎన్ని? బాలింతను కోతకు పిలిచే మేస్త్రీ కూలి రేటుతో పాటే బిడ్డ ఎక్కడుంటుందో కూడా తేల్చాలి.