పర్సులో పిస్తోలు - ఎవరి నుంచి రక్షణ?

స్త్రీల భద్రత అన్న మాట వినపడగానే మార్కెట్ ఏదో ఒక వస్తువు చేతపట్టుకుని మన ముందుకి వస్తుంది. అమెరికాలో ఆ వస్తువు చాలాకాలంగా పిస్తోలు. 1989లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ‘లేడీస్మిత్’ అనే పేరుతో ఆడవాళ్ల కోసమంటూ రివాల్వర్లు విడుదల చేసింది. మన ప్రభుత్వమూ వెనకబడలేదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ పేరుతో అర కిలో బరువున్న రివాల్వర్‌ని స్త్రీల కోసం తయారుచేసింది. ధర లక్షా ఇరవై వేల రూపాయల పైమాటే. బస్సుల్లో రాత్రిపూట ప్రయాణించే ఏ నర్సు, ఏ దుకాణం ఉద్యోగిని అంత డబ్బు పెట్టి కొనగలదో ప్రభుత్వం చెప్పలేదు.

తుపాకి మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. భయపడే స్త్రీని తప్పుపట్టడం నా ఉద్దేశం అంతకన్నా కాదు. ఆమె భయం నిజం. ఆ భయానికి మందుగా అమ్ముతున్న వస్తువు ఏ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది, ఆమె నిజంగా ఎదుర్కొంటున్న ప్రమాదం ఏది - ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు స్త్రీ పిస్తోలు కొనడానికి వెళుతూ నన్ను తోడు రమ్మంది. ఆమె ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తుంది. కారు పెట్టే చోటు చీకటిగా ఉంటుంది. “అక్కా, నాకు తుపాకులంటే ఇష్టం లేదు. కానీ రోజూ భయపడుతూ నడవడం ఇంకా ఇష్టం లేదు” అంది. ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు మనకెవరికీ లేదు.

దుకాణదారు రెండు మూడు పేరున్న కంపెనీల పిస్తోళ్లు చూపించి, చివరికి అంతగా పేరు వినపడని ఒక దిగుమతి పిస్తోలు తీశాడు. అర్జెంటీనాకి చెందిన బెర్సా కంపెనీ ‘థండర్ 380’. సినిమాల్లో జేమ్స్‌బాండ్ చేతిలో కనిపించే వాల్తర్ పిస్తోలుని పోలి ఉంటుంది. మ్యాగజైన్‌లో 7 తూటాలు పడతాయి. ధర సుమారు 300 డాలర్లు. “చిన్నది, చవక, ఆడవాళ్లు బాగా ఇష్టపడతారు” అన్నాడు.

చిన్నది కాబట్టి తేలిక అన్నది అమ్మేవాళ్ల మాట. షూటింగ్ రేంజ్‌లో చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంటే కానీ అసలు సంగతి తెలియలేదు. ఈ రకం పిస్తోలులో తూటా పేలినప్పుడు పైనున్న స్లైడ్‌ని ఆపేవి దాని బరువూ, స్ప్రింగూ మాత్రమే. అందుకని స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. మొదటి తూటాని లోపలికి ఎక్కించాలంటే ఆ స్లైడ్‌ని గట్టిగా వెనక్కి లాగాలి. ఆమె రెండుసార్లు లాగలేకపోయింది. మొదటి గుండుకి ట్రిగ్గర్ బరువుగా, ఆ తర్వాత వాటికి తేలిగ్గా ఉంటుంది. ఈ తేడాకి వేలు అలవాటు పడాలి. పిస్తోలు ఎంత చిన్నదైతే దాని తన్నుడు చేతికి అంత ఎక్కువగా తగులుతుంది. గంటసేపటికి ఆమె 21 అడుగుల దూరంలోని కాగితం మీద ఓ మోస్తరుగా గురి కుదుర్చుకుంది. కాగితం కదలదు, మీదికి రాదు, తెలిసిన ముఖంతో ఉండదు.

అమెరికా చట్టం ఈ పిస్తోలుని ఎంత శ్రద్ధగా కొలిచిందో చూడండి. 1968 తుపాకుల చట్టం తర్వాత దిగుమతి అయ్యే ప్రతి పిస్తోలుకీ పొడవు, బరువు, రక్షణ ఏర్పాట్ల లెక్కన మార్కులు వేస్తారు. 75 రాకపోతే దేశంలోకి రానివ్వరు. అసలు వాల్తర్ పీపీకే ఆ కొలతలకి సరిపోలేదు. అందుకని జర్మన్ కంపెనీ దాన్ని కొంచెం పెంచి కొత్త రకం తయారుచేసి పంపింది. దేశంలోపల తయారయ్యే పిస్తోళ్లకి మాత్రం ఈ మార్కులు వర్తించవు. ఇక 1976 నుంచి, వినియోగ వస్తువుల భద్రతని చూసే ప్రభుత్వ సంస్థకి తుపాకుల జోలికి వెళ్లే అధికారమే లేదు.

ఇనుముని ఇంతగా కొలిచిన రాజ్యం, ఆ ఇనుము ఏ ఇంట్లోకి వెళుతుందో అడగదు. కొనేటప్పుడు ఆమె ఒక ఫారం నింపింది. నేరం రుజువైందా, మత్తుమందులు వాడతావా, నీ మీద కోర్టు రక్షణ ఉత్తర్వు ఉందా, గృహహింస కేసులో శిక్ష పడిందా - ప్రశ్నలన్నీ కొనే మనిషి గురించే. కొన్ని నిమిషాల్లో కంప్యూటర్ సరేనంది. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్లలో ఎవరైనా ఆమెని కొడతారా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. 2005 చట్టం ప్రకారం పిస్తోలుతోపాటు ఒక తాళం ఇచ్చారు. ఇంటికి వెళ్లాక దాన్ని పెట్టిన పెట్టెకి నంబరు ఎంచుకున్నది ఆమె భర్త. అతను చెడ్డవాడు కాదు, ఎవరూ అలా అనడం లేదు. కానీ కాగితం మీద ఆమెదైన ఆయుధం ఆ రాత్రికే ఇంటి ఆయుధం అయింది. ఇంట్లో ఆమె పేరు మీదున్న నగలు, ఆమె జీతం, ఆమె బ్యాంకు ఖాతా ఎలా అందరివీ అవుతాయో మనకి తెలిసిందే.

ఇల్లు ఎంత భద్రమైన చోటో పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. 2003లో అమెరికాలోని 11 నగరాల మీద జరిగిన అధ్యయనంలో, కొట్టే భర్తకి లేదా సహచరుడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకి గురయ్యే ప్రమాదం 5 రెట్లు పెరుగుతుందని తేలింది. 2022లో వెలువడిన కాలిఫోర్నియా అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. తమకి తుపాకి లేకపోయినా, పిస్తోలు సొంతదారుతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, పిస్తోలు లేని ఇళ్లలోని వాళ్లతో పోలిస్తే, భర్త లేక సహచరుడి తూటాకి బలయ్యే అవకాశం 7 రెట్లు ఎక్కువ. అలా చనిపోయిన వాళ్లలో 84 శాతం స్త్రీలు. పిస్తోలు సొంతంగా ఉన్న స్త్రీల సంగతీ అదే పరిశోధకులు 2020లో చెప్పారు. తుపాకితో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, పిస్తోలు లేని స్త్రీల కన్నా వీరికి 35 రెట్లు. రక్షణ కోసం కొన్న ఆయుధం దుఃఖం ముంచెత్తిన రాత్రి ఎటు తిరుగుతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇల్లు ప్రమాదకరం కావడం అమెరికాకే పరిమితం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం వివాహిత స్త్రీలు భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. మన ఇళ్లలో తుపాకులు అరుదు కాబట్టి ఎన్ని దెబ్బలు హత్యలు కాకుండా ఆగాయో ఆలోచించండి.

సరే, ఆ స్త్రీయే తుపాకి ఎత్తితే? మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ కథ దీనికి సమాధానం. 2010లో ఫ్లోరిడాలో, ప్రసవమైన 9 రోజులకి, తనని కొట్టిన చరిత్ర ఉన్న భర్తని బెదిరించడానికి ఆమె ఒక్క గుండు పేల్చింది. ఎవరికీ గాయం కాలేదు. ‘వెనక్కి తగ్గనక్కర్లేదు’ అని చెప్పే ఆత్మరక్షణ చట్టం ఆమెకి వర్తించదన్నారు. 2012లో 20 ఏళ్ల జైలు శిక్ష వేశారు. స్త్రీల సంఘాలు, నల్లజాతి సంఘాలు పోరాడితే, పై కోర్టు తీర్పుని కొట్టేస్తే, చివరికి ఒప్పందం మీద 2015లో బయటికి వచ్చింది. అప్పటికి దాదాపు మూడేళ్లు జైల్లో గడిపింది. ఆయుధం అమ్మేటప్పుడు అందరూ సమానమే. దాన్ని వాడాక మాత్రం లింగం, రంగు లెక్కలోకి వస్తాయి.

స్త్రీల ప్రాణాలు కాపాడే దారి ఆమె చేతికి ఇంకో తుపాకి ఇవ్వడంలో కాదు, కొట్టేవాడి చేతిలోది తీసేయడంలో ఉంది. ఈ దారి వేసింది అక్కడి స్త్రీల ఉద్యమమే. రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదని 1994లో, గృహహింస కేసులో చిన్న శిక్ష పడినా ఉండకూడదని 1996లో చట్టాలు వచ్చాయి. పెళ్లి కాని సహచరుడికి కూడా ఈ రెండో నిషేధం 2022లో వర్తింపజేశారు. టెక్సాస్‌కే చెందిన రహీమీ కేసులో దిగువ కోర్టు 1994 నాటి నిషేధం చెల్లదంటే, 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 తేడాతో దాన్ని నిలబెట్టింది. కానీ ఇంటికి వెళ్లి ఆ తుపాకిని ఎవరు స్వాధీనం చేసుకోవాలి అన్నదానికి చాలాచోట్ల సరైన ఏర్పాటు లేదు. పోరాడవలసింది అక్కడ.

మన అమ్మాయిల విషయంలో ఇంకో సంగతి ఉంది. హెచ్-4 లాంటి వీసా మీద వెళ్లిన స్త్రీకి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి చట్టం తుపాకి దగ్గర పెట్టుకోనివ్వదు. ఆమె మెడ మీద కత్తి పాస్‌పోర్టులో ఉంది. భర్త వీసా పోతే ఆమె వీసా పోతుంది. హింసకి గురైన అలాంటి భార్యలు సొంతంగా ఉద్యోగ అనుమతి అడగవచ్చని 2005 చట్టం చెప్పింది. అది అమలులోకి రావడానికి 2017 దాకా పట్టింది. ఈ సంగతి మన ఇళ్లలో ఎంతమంది తల్లులకి తెలుసు? న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న ‘మానవి’, న్యూయార్క్‌లో 1989లో మొదలైన ‘సఖి’ వంటి దక్షిణాసియా స్త్రీల సంస్థల పేర్లు పెళ్లిచేసి పంపేటప్పుడు ఎంతమంది రాసిస్తున్నారు?

ఆ టెక్సాస్ స్త్రీకి కావలసింది కారు పెట్టే చోట దీపాలు, రాత్రి డ్యూటీ దిగేటప్పుడు కారు దాకా తోడువచ్చే మనిషి. అవి ఇవ్వవలసింది ఆమెతో పని చేయించుకునే ఆస్పత్రి. అవి అడగడానికి ఒక్కరు చాలరు, నలుగురు కలవాలి. ఆ కలయికని అక్కర్లేనిదిగా చేయడమే పిస్తోలు అమ్మకంలోని రాజకీయం. భద్రత హక్కు అయినప్పుడు దాన్ని రాజ్యాన్నీ, యజమానినీ అడుగుతాం. భద్రత సరుకు అయినప్పుడు 300 డాలర్లు పెట్టి కొనుక్కుని, ఒంటరిగా ఇంటికి పోతాం.