గాజు పోగులో టీవీ ఒక్కటే వస్తుందా?

వార్షికోత్సవం వచ్చిందంటే అన్నలు హాస్టల్‌కు టీవీ బహూకరించడం ఆనవాయితీ. సంతోషమే. అయితే ఈసారి టీవీ కంటే దాని వెనక ఉండే వైరు గురించి ఆలోచించమని మేము కోరుతున్నాం.

ఒకప్పుడు మా తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో కేబుల్ అంటే స్తంభాల మీద వేలాడే నల్లటి రాగి వైరే. ఆ వైరులో కొంత దూరం పోగానే సిగ్నల్ నీరసిస్తుంది. అందుకని మధ్యమధ్య యాంప్లిఫయర్లు బిగించేవారు. అవి సిగ్నల్‌తోపాటు అందులోని గరగరను కూడా పెంచేవి. ఒకదానికి కరెంటు పోతే దాని తర్వాతి ఇళ్ళన్నిటికీ బొమ్మ పోయేది. అందరికంటే చివరి ఇంటికి చుక్కలే గతి. ఊరి చివర ఉండే వాడలు ఎవరివో ఈ హాస్టల్‌లో చదివినవారికి చెప్పాలా?

ఆప్టికల్ ఫైబర్‌తో ఆ బాధ చాలావరకు తీరింది. వెంట్రుకంత సన్నని ఆ గాజు పోగులో సిగ్నల్ వెలుగు రూపంలో పోతుంది. గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు ఎంతో దూరం పోగలదని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. నేటి మేలురకం పోగులో కిలోమీటరుకు పోయేది సుమారు 5 శాతమే. చివరన ఒక చిన్న పెట్టె ఆ వెలుగును మళ్ళీ టీవీ సిగ్నల్‌గా మారుస్తుంది.

అసలు సంగతి, అదే పోగులో వేరే తరంగదైర్ఘ్యం మీద ఇంటర్నెట్ కూడా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభించిన ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి అప్పట్లో నెలకు 149 రూపాయలకే ఇచ్చింది. మన తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో సేవలు మొదలయ్యాయి కూడా.

2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూసినప్పుడు, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు చెప్పారు. టీవీ లేని ఇంటి పిల్లలు పక్కింటి గడపలో కూర్చుని వినాల్సి వచ్చింది. కేబుల్ వైరు వినోదానికే అనేవారు ఆ సంవత్సరాన్ని మరిచిపోయినట్టే.

కాబట్టి ఊళ్ళోకి ఫైబర్ వచ్చినప్పుడు మొదటి కనెక్షన్లలో ఒకటి సంక్షేమ హాస్టల్‌కు ఇవ్వాలన్నది మా అభిప్రాయం. అన్నలు కలెక్టర్ గారికి ఒక వినతిపత్రం రాస్తే మా మాటకు బలం వస్తుంది. ఇంటర్నెట్ ఇస్తే పిల్లలు పాడవుతారని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట టీవీ వచ్చినప్పుడూ అన్నారు. స్టడీ అవర్‌లో టీవీ గదికి తాళం పడుతూనే ఉంది కదా! ఆ పెట్టెను స్టడీ హాల్లోనే పెట్టించండి, తాళంచెవి వార్డెన్ సారు దగ్గరే ఉండనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు.