పూడిపోయిన ఉప్పునీటి దారి

కృష్ణా డెల్టా అంచున పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సముద్రపు ఒడ్డు వెంబడే సాగే బకింగ్‌హామ్ కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 1806లో మద్రాసు, ఎన్నూరుల మధ్య మొదలైన తవ్వకం విడతలవారీగా రెండు దిక్కులా సాగింది. మద్రాసులో అడయారును కూవంతో కలిపిన ముక్కను ధాత కరువులో పస్తులున్న కూలీలు తవ్వారు. కాలువకు మాత్రం 1878లో గవర్నరు పేరు పెట్టారు.

ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు ఈ దారినే పడవల్లో పట్నం చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. రైళ్లు, లారీలు వచ్చాక సరుకు తగ్గింది. 1965, 1966, 1976 తుపానులు గట్లను తెంపాయి. పూడిక తీసేవారు లేక కాలువ పూడిపోయింది, లాకులు పాడయ్యాయి. చెన్నైలోనైతే కాలువలోనే రైలు స్తంభాలు లేచాయి. అయినా 2004 సునామీ నీటిని చాలాచోట్ల తనలో ఇముడ్చుకుని వెనకనున్న ఊళ్లను కాపాడింది ఈ పాడుబడ్డ కాలువే.

2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. సరుకు ఓడలు నడవాలంటే లోతుగా, వెడల్పుగా తవ్వాలి. కాలువను విహారానికీ పక్షులకూ బాగుచేయాలంటే మాత్రం అంత లోతు అక్కర్లేదు. నేలపట్టు, పులికాట్ సరస్సు వైపు చలికాలంలో రాజహంసలు, గూడబాతులు వస్తాయి. రాజహంసలు మేసేది లోతులేని బురదనీటిలోనే. ఆ బురదను పూర్తిగా తోడేసినా, తోడిన మట్టిని తెచ్చి మడచెట్ల మీద పోసినా పక్షుల మేత పోతుంది. అందుకని పులికాట్ పక్కన ముందుగా ఒక ముక్కను ఎంచుకుని, లాకు బాగుచేసి, సముద్ర ముఖద్వారం దగ్గర పేరుకున్న ఇసుక తీసి, ఆటుపోట్లు మళ్లీ కాలువలోకి వచ్చిపోయేలా చేయడమే సరైన మొదలు. నీరు కదిలితే రొయ్యపిల్లలు, చేపపిల్లలు తిరిగి వస్తాయి, వాటి వెంట పక్షులు వస్తాయి. రొయ్యల చెరువుల మురికినీరు కాలువలోకి వదలడం ఆపకుండా చేసే మరమ్మతుకు మాత్రం అర్థం లేదు.

విహారానికి గెడతో నడిపే నాటుపడవలు చాలు. పక్షులు దిగే నెలల్లో మోటారు పడవలను దూరంగా ఉంచాలి. పడవ నడిపే పని, దారి చూపే పని కాలువనే నమ్ముకుని చేపలు, పీతలు పట్టుకుని బతికే యానాదులకు, మత్స్యకారులకు దక్కాలి. ఏ రేవులో ఏ నెలలో ఎంత నీరుంటుందో, ఏ పక్షి ఎక్కడ వాలుతుందో వారికి తెలుసు.