బడి ఖజానాకు ముందుచూపు

ఎన్నికైన పాలకమండలితో, సొంత బడ్జెట్‌తో ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థను అమెరికాలో పాఠశాల జిల్లా అంటారు. 1991లో రిచ్‌మండ్ పాఠశాల జిల్లా దివాలా తీయడంతో, కాలిఫోర్నియా రాష్ట్రం అదే ఏడాది ఆర్థిక పర్యవేక్షణ చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ప్రతి జిల్లా ఏటా రెండుసార్లు మధ్యంతర నివేదిక సమర్పించి, నడుస్తున్న సంవత్సరంతో పాటు తర్వాతి రెండేళ్ల చెల్లింపులను కూడా తీర్చగలదా అన్న ప్రశ్నకు సానుకూలం, సందేహాస్పదం, ప్రతికూలం అనే మూడు ధ్రువీకరణల్లో ఒకదానితో జవాబివ్వాలి.

ఆపత్కాలానికి పక్కన పెట్టవలసిన కనీస నిల్వ విద్యార్థుల సగటు హాజరును బట్టి మారుతుంది. అతి చిన్న జిల్లాలకు మొత్తం వ్యయంలో 5 శాతంగా, మధ్యస్థాయి జిల్లాలకు 3 శాతంగా ఉండే ఆ ప్రమాణం అతి పెద్ద జిల్లాకు 1 శాతానికి తగ్గుతుంది. ఏడాది ఖర్చులో 3 శాతమంటే పదకొండు రోజుల వ్యయం మాత్రమే కనుక, ఆ మొత్తం ఆదాయం ఆలస్యమైనప్పుడు కొద్ది రోజులు ఆదుకోగలదే తప్ప, ఏటేటా పేరుకునే లోటును పూడ్చలేదు. అందుచేత నిల్వ శాతం కంటే నివేదికలోని నిజాయితీయే బడులకు అసలైన రక్షణ. ప్రతికూల ధ్రువీకరణను అవమానంగా భావించి దాచడం కన్నా, సకాలంలో ప్రకటించి ఖర్చును సరిదిద్దుకోవడమే పాలకమండళ్ల బాధ్యత.